జనం కలవట్లేదా, కలిసే చోటు లేదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మనుషులు మారిపోయారు, పక్కింట్లో ఎవరుంటున్నారో కూడా తెలీదు, అంతా ఫోన్ల వల్లే అని ఈమధ్య మీ పేజీలో ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. ఫోన్ల తప్పు అస్సలు లేదని నేను అనను గానీ, ఫోన్లు చేతికి రాకముందే ఈ గొడవ మొదలైందండి, దానికి లెక్కలు కూడా ఉన్నాయి, అవి ఎవరూ ఎత్తట్లేదని ఈ ఉత్తరం.

1960ల చివర్లో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే ప్లానింగ్ ప్రొఫెసర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధులు తీసుకున్నాడు. చూడ్డానికి దాదాపు ఒకేలాంటి వీధులే, పెద్ద తేడా అల్లా ట్రాఫిక్‌లో. ఒకదాంట్లో రోజుకి 2,000 బళ్ళు, రెండోదాంట్లో 8,700, మూడోదాంట్లో దాదాపు 16,000. బళ్ళు తక్కువ తిరిగే వీధిలో ఒక్కో మనిషికి అదే వీధిలో సగటున ముగ్గురు ఫ్రెండ్స్ ఉన్నారు, బళ్ళు ఎక్కువ తిరిగే వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9 అట. నాకు బాగా గుర్తుండిపోయింది ఈ అంకెలు కాదు, మ్యాపులు. ఇందులో మీ ఇల్లు అనిపించేది ఎంతవరకో గీసి చూపించండి అని అడిగితే మొదటి వీధివాళ్ళు రోడ్డు అవతలి వైపుని కూడా కలుపుకుని గీత గీశారు, మూడో వీధివాళ్ళ గీత వాళ్ళ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మరి మూడో వీధివాళ్ళు పుట్టుకతోనే ముభావులా? చిన్నపిల్లలున్న కుటుంబాలు ఆ వీధిలో దాదాపు కనపడలేదు. అలాంటి చోటు నుంచి వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళిపోతారు, మిగిలినవాళ్ళు కిటికీలు మూసుకుంటారు, ఆ తర్వాత మనం వచ్చి వీళ్ళెవరూ పలకరించుకోరండీ అంటాం.

చోటు ఇచ్చినా సరిపోదు, ఎలా ఇచ్చామన్నది కూడా ఉంది. న్యూయార్క్‌లో 1961లో ఒక రూల్ పెట్టారు, బిల్డింగ్ ముందు జనానికి కాస్త ఖాళీ స్థలం వదిలితే పైన ఎక్కువ అంతస్తులకి పర్మిషన్ ఇస్తామని. బిల్డర్లు వదిలారు, పైన కట్టుకున్నారు, కింద చాలాచోట్ల ఆ స్థలాలు బోసిపోయి ఉండేవి. విలియం వైట్ అనే ఆయన కెమెరాలు పెట్టి రోజుల తరబడి చూసి చివరికి తేల్చింది ఏంటంటే, కూర్చునే చోటు ఉన్నచోట జనం కూర్చుంటారు అని! నవ్వొస్తుంది గానీ ఆ మాత్రం రూల్లోకి ఎక్కడానికి 1975 దాకా పట్టింది. ఆయన ఇంకోటి కూడా చూశాడు, జరుపుకునే కుర్చీ వేస్తే మనిషి దాన్ని రెండు మూడు అంగుళాలు ఇటో అటో జరిపి మరీ కూర్చుంటాడట, కొత్తచోటేం ఉండదు అక్కడ, అదే ఎండ, అదే నీడ. కానీ ఆ కాస్త జరపడంతో అది తన చోటు అయిపోతుంది. సిమెంటు బల్ల పాతేసి మధ్యలో ఇనప కమ్మీలు పెట్టే మహానుభావులకి ఈ ముక్క ఎవరైనా చెప్పాలి.

నీళ్ళు, బీడు భూముల సంగతి కూడా ఇంతే. ఉమ్మడి ఆస్తి ఏదైనా సరే అందరూ కలిసి నాశనం చేసుకుంటారని 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా పర్యావరణ శాస్త్రవేత్త రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ చాలామంది వేదంలా చెప్తారు. దానికి జవాబు చూపించినావిడ ఎలినార్ ఆస్ట్రమ్, 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న మొదటి మహిళ. ఆవిడ చూపించిన ఉదాహరణల్లో స్విట్జర్లాండ్ కొండల్లో టార్బెల్ అనే ఊరొకటి ఉంది. అక్కడ 1517 నాటి కట్టుబాటు ఏంటంటే చలికాలంలో నువ్వు ఎన్ని ఆవుల్ని మేపగలవో వేసవిలో కొండమీది ఉమ్మడి బీడుకి అన్నే తోలాలి. ఎక్కువ తోలితే జరిమానా, వేసినాయనకి అందులో సగం, ఇంక ఊరుకుంటాడా. స్పెయిన్‌లో వలెన్సియా కాలవల రైతులు కూడా ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి చర్చి గుమ్మం దగ్గర కూర్చుని నీళ్ళ తగువులు తీర్చుకుంటారు, నల్ల అంగీలు వేసుకుని. వాదన అంతా నోటిమాటే, వకీళ్ళు ఉండరు. ఒక్కో కాలవ పేరు పిలుస్తారు, ఫిర్యాదు ఎవరూ చెప్పకపోతే నిమిషాల్లో లేచి వెళ్ళిపోతారు, అయినా సరే మళ్ళీ గురువారం వస్తారు. నీళ్ళ పంపకం ఉంది కాబట్టి ఆ రైతులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూస్తున్నారు, అంతేగానీ వాళ్ళు మనకంటే మంచివాళ్ళై కాదు.

అలాగని నల్లాలు పీకేసి అందర్నీ బావి దగ్గరికి పంపమని కాదండీ నేననేది. బావి దగ్గర కబుర్లు, ఆ రోజులే వేరు అని మురిసిపోయేవాళ్ళలో బిందె మోసినవాళ్ళు ఎంతమందో నాకు డౌటే. కుళాయి ఇంట్లోకి రావాలి, వచ్చింది, మంచిదే. దాంతోపాటు పోయిన ఆ కలయిక ఇంకెక్కడ జరుగుతుంది అని మాత్రం ప్లాన్ గీసినవాళ్ళెవరూ అడగలేదు.

డిజైన్ మార్చేస్తే అన్నీ సర్దుకుంటాయనే గోల కూడా నాకు నచ్చదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్ ఐగో అని పేదల కోసం 33 బిల్డింగులు కట్టి, పూర్తయి ఇరవై ఏళ్ళన్నా కాకుండా 1972లో కూల్చడం మొదలుపెట్టారు. లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగకపోవడం, ఎవరి కాపలా లేని వరండాలు, ఇవన్నీ నిజమే గానీ అద్దెల డబ్బుతోనే రిపేర్లు చేసుకోండి అని వదిలేస్తే ఎంత మంచి బొమ్మ గీసినా అది నిలబడదు.

చివరిగా మీ పేపర్‌కే ఒక రిక్వెస్ట్. కొత్త రోడ్లు, కొత్త కాలనీల ప్లాన్లు రంగుల్లో వేస్తారు కదా, ఆ బొమ్మల్లో మనుషులంతా నడుస్తూనే ఉంటారు, ఒక్కరు కూర్చుని కనపడరు, ఎండ కూడా ఉండదు. రోడ్డు వెడల్పు చేస్తే బళ్ళకి ఎన్ని నిమిషాలు కలిసొస్తుందో రాస్తున్నారు, బాగానే ఉంది. అదే రోడ్డు దాటడానికి కర్ర పట్టుకున్న ముసలాయనకి ఎంతసేపు పడుతుందో, మధ్యలో ఆగడానికి చోటుందో లేదో, ఆ పక్కన ఒక లైన్ వేయండి చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు