ఖాళీ గిన్నె తూకం తీసేయడం అంత కష్టమా?

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో 30 ఏళ్లు కిరాణా కొట్టు నడిపి, ఇప్పుడు కూకట్‌పల్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, కోడలికి ఉద్యోగం, నాకు వంట రాదు. అందుకని వారానికి మూడు నాలుగు రోజులు సూపర్ మార్కెట్‌లో వండి పెట్టిన కూరలే తెచ్చుకుంటాం. కూరలు బాగానే ఉంటాయి. బాధంతా డబ్బాలతోనే. పావుకిలో దొండకాయ వేపుడుకు ఒక ప్లాస్టిక్ డబ్బా, పప్పుకు ఇంకొకటి, పచ్చడికి చిన్నది, మూత ఊడకుండా ఒక్కోదాని చుట్టూ పల్చటి ఫిల్మ్. కోడలు కడిగి దాస్తూ వచ్చింది. ఇక దాచడానికి చోటు లేదు.

మొన్న మంగళవారం స్టీలు క్యారియర్ పట్టుకెళ్లాను. కౌంటర్ దగ్గరి కుర్రాడు "సిస్టమ్ ఒప్పుకోదు అంకుల్" అన్నాడు. బతిమాలితే ఏం చేశాడనుకున్నారు? ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కాటా మీద పెట్టి మీట నొక్కి సున్నా చేశాడు. వేపుడు వేసి తూచాడు. స్టిక్కర్ నా క్యారియర్ మూతకు అంటించి, వేపుడు నా గిన్నెలోకి వంపి, జిడ్డోడుతున్న డబ్బాను చెత్తబుట్టలో పడేశాడు. అతణ్ణి ఏమనగలను? పైవాళ్లు చెప్పినట్టు చేశాడు.

మా కొట్టుకు జనం నూనె కోసం ఇంటి నుంచే గిన్నెలు తెచ్చేవారు. ఖాళీ గిన్నె తక్కెట్లో పెట్టి, అవతలి వైపు దానికి సరిపడా బరువు (పాసంగం) వేసి సరిచేశాకే నూనె పోసేవాణ్ణి. ఇప్పుడా తిప్పలు కూడా లేవు, ఒక్క మీట. ప్లాస్టిక్ డబ్బాకు నొక్కిన మీట స్టీలు గిన్నెకు నొక్కకూడదా?

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు దేశమంతటా నిషేధం. స్వీటు డబ్బా చుట్టూ ఫిల్మ్ చుట్టడం కూడా ఆ జాబితాలో ఉంది. అదే ఫిల్మ్ దొండకాయ వేపుడుకు చుడితే మాత్రం అడిగేవాడు లేడు!

శుభ్రత సంగతంటారా, గిన్నె కడిగి తేవడం నా పూచీ, గరిటె గిన్నెకు తగలకుండా వడ్డించడం వాళ్ల పూచీ. మా పక్క సందులో కర్రీ పాయింట్ ఆవిడ ఏ సిస్టమూ లేకుండానే రెండు గరిటెల సాంబారు నా గిన్నెలో పోస్తుంది. (మిగతావాళ్లకు ఆవిడా వేడివేడి సాంబారు కవర్లోనే కట్టిస్తుందనుకోండి. గిన్నె తెచ్చేవాళ్లేరీ?)

వచ్చే మంగళవారం మళ్లీ క్యారియర్‌తోనే వెళతాను. ఈలోగా ఆ షాపు మేనేజరు గారు ఈ ఉత్తరం చదివితే, ఆ కుర్రాడికి ఒక మాట చెప్పండి.

— ఒక పాత కిరాణా వ్యాపారి, కూకట్‌పల్లి, హైదరాబాద్