తొమ్మిదో తరగతి మీటింగ్ తర్వాత వచ్చిన ఒక కోరిక

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్ అయ్యాక కొందరు నా గదికి వచ్చారు. "మేడమ్, క్లాసులో బస్తీ పిల్లలు ఎక్కువయ్యారు, సావాసదోషం అంటుకుంటుంది, మావాణ్ణి వేరే సెక్షన్‌లో వేయండి" అన్నారు. వేయను. ఎందుకో చెప్పడానికే ఈసారి మన స్కూలు పత్రికలో స్పోర్ట్స్ డే విశేషాలను వెనక పేజీకి జరిపాను.

పిల్లలు ఎందుకు దారి తప్పుతారో తెలుసుకోవడానికి లండన్‌లో డొనాల్డ్ వెస్ట్, ఆయన తర్వాత డేవిడ్ ఫారింగ్టన్ అనే పరిశోధకులు పట్టిన ఓపిక అంతా ఇంతా కాదు. 1961లో దక్షిణ లండన్‌లోని ఒక కార్మికవాడలో ఎనిమిది తొమ్మిదేళ్ల మగపిల్లలు 411 మందిని ఎంచుకుని, వాళ్లు నడివయసుకు వచ్చేదాకా వదల్లేదు. తర్వాత కేసుల్లో ఇరుక్కున్నవాళ్ల చిన్నతనంలో పేదరికం కనిపించిన మాట నిజమే. దాంతోపాటు పిల్లాడు ఎక్కడ తిరుగుతున్నాడో ఇంట్లో పట్టించుకోకపోవడం, ఒకరోజు చావబాది మర్నాడు అదే తప్పుకు నవ్వి ఊరుకోవడం, అమ్మానాన్నల గొడవలు, ఇంట్లో ఇంకెవరికో కేసులుండటం, పిల్లాడి దుడుకుతనం, చదువులో వెనకబడటం కూడా కనిపించాయి. ఇందులో ఏదో ఒకటి ఉన్నంత మాత్రాన పిల్లాడు చెడిపోడు. నాలుగైదు పోగుపడితేనే ముప్పు. ఇంకో సంగతి. దాదాపు అందరిదీ ఒకే వాడ, ఒకే రకం బతుకు. అయినా ఆ కుటుంబాలన్నిటి మీదా పడ్డ కోర్టు శిక్షల్లో సగం, నూటికి ఆరు ఇళ్లలోపే ఉన్నాయి. అలాంటప్పుడు వాడ పేరు చూసి పిల్లాణ్ణి ఎలా అంచనా వేస్తాం?

అమెరికాలోని బోస్టన్‌లో ఇలాంటి పిల్లల మీద రాసిపెట్టిన పాత రికార్డులను రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ అనే పరిశోధకులు మళ్లీ తిరగేసినప్పుడు కూడా ఇలాంటిదే తేలింది. పేదరికం చాలావరకు ఇంటి వాతావరణాన్ని పాడుచేసి, ఆ దారిన పిల్లల్ని తాకుతుంది. తెల్లారకముందే పనికెళ్లి చీకటిపడ్డాక వచ్చే తల్లికి కొడుకును కనిపెట్టుకునే తీరిక ఏది? అయితే ఆ తీరిక లేకపోవడం అపార్ట్‌మెంట్లలోనూ ఉంది. అక్కడ దానికి బదులు పాకెట్ మనీ ఇస్తారు, బండి తాళం ఇస్తారు.

బండి అంటే గుర్తొచ్చింది. మన గేటుకు రెండు సందుల అవతల జిరాక్స్ షాపు ముందు రోజూ ఉదయం ఐదారు బైకులు ఆగుతాయి. మన పిల్లలవే. అవి ఏ ఇళ్ల నుంచి వస్తున్నాయో కనుక్కున్నాను, బస్తీ నుంచి ఒక్కటీ రాలేదు. 2024 మేలో పుణెలో పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయిన కేసులో, కారు నడిపింది పదిహేడేళ్ల అబ్బాయేనని పోలీసులు చెప్పారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండితో నేరం చేస్తే పెద్దవాళ్లకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు.

"ఫోన్‌లో లొకేషన్ చూస్తూనే ఉంటాం మేడమ్" అంటారు కొందరు. స్వీడన్‌లో స్టాటిన్, కెర్ అనే పరిశోధకులు 2000లో దీనిమీదే రాశారు. పిల్లల సంగతులు తల్లిదండ్రులకు తెలిసేది ఆరా తీయడం వల్ల కన్నా, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లేనట. మన ఇళ్లలో ఏం జరుగుతుంది? "నాన్నా, ఇవాళ వాడు సిగరెట్ కాల్చాడు" అంటాడు పిల్లాడు. "మళ్లీ వాడితో కనిపించావో కాళ్లు విరగ్గొడతా" అంటాం. ఆ తర్వాత ఏ కబురూ ఇంటికి రాదు. వాడు చెప్పేది పూర్తిగా విని, "మరి నువ్వేం చేశావు?" అని మాత్రం అడిగి చూడండి.

మాట్లాడాలనుకున్నవాళ్లు శనివారం సాయంత్రం నాలుగు తర్వాత రండి. కూలి పోతుందని రాలేనివారి కోసం ఆదివారం ఉదయం కూడా ఉంటాను. సెక్షన్లు మాత్రం మారవు. దసరా సెలవుల తర్వాత బైకు మీద వచ్చిన పిల్లల తాళాలు ఆఫీసులో ఉంటాయి, అమ్మ గానీ నాన్న గానీ వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు