ఫ్లెక్సీ కట్టని ఖగోళ పరిశోధన

సంపాదకుల గారికి నమస్కారం.

‘గ్రహశకలాన్ని కనుగొన్న మన జిల్లా విద్యార్థి’ అంటూ పత్రికల్లో అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. పిల్లవాడి చేతిలో సర్టిఫికెట్, వెనక స్కూలు ఫ్లెక్సీ. మెచ్చుకుంటే సంతోషమే. అయితే కోనసీమలో ఒక జడ్పీ హైస్కూలు పిల్లలతో అదే పని చేయిస్తున్న ఫిజికల్ సైన్స్ టీచరుగా నాదో మాట. అసలు పనంతా ఆ ఫొటోకి బయటే ఉంటుంది. దాన్ని పత్రికలూ పట్టించుకోవడం లేదు, విద్యాశాఖా లెక్కలోకి తీసుకోవడం లేదు.

అమెరికా కేంద్రంగా 2006 నుంచి ఐఏఎస్‌సీ (ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబరేషన్) అనే సంస్థ బడి పిల్లలతో గ్రహశకలాల వేట, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న రాతి ముక్కల వేట చేయిస్తోంది. ఫీజేమీ లేదు. హవాయిలోని హలేయకాలా కొండ మీద పాన్‌స్టార్స్ టెలిస్కోపు ఆకాశంలో ఒకే చోటును కొంత వ్యవధిలో నాలుగుసార్లు తీసిన చిత్రాలు మనకు పంపుతారు. వాటిని ఆస్ట్రోమెట్రికా సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని వెంట ఒకటి ఆడిస్తే నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి, గ్రహశకలం ఒక్కటే జరుగుతుంది. మా ఊళ్లో సొంత టెలిస్కోపు పెట్టినా పెద్ద ప్రయోజనం ఉండదు. గాలి నిండా తేమ, పైగా రాత్రంతా రొయ్యల చెరువుల లైట్లు. నా ల్యాప్‌టాప్‌ను తరగతి గోడకున్న ఐఎఫ్‌పీ ప్యానెల్‌కు (పెద్ద టచ్ స్క్రీన్‌కు) తగిలిస్తే చాలు, హవాయి ఆకాశం గోడ మీదికి వస్తుంది.

చుక్క కనపడగానే పని అయిపోదు. నాలుగు చిత్రాల్లోనూ అది ఒకే గీత మీద, ఒకే వేగంతో జరగాలి. వెలుగు ఉన్నట్టుండి మారిపోకూడదు. కెమెరాలో పాడైన పిక్సెల్ కూడా అచ్చం చుక్కలాగే మెరిసి మోసం చేస్తుంది. ఒకసారి ‘దొరికింది సార్’ అని క్లాసంతా చప్పట్లు కొడుతుంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి వచ్చి ప్యానెల్ మీద స్కేలు పెట్టింది. ‘మూడో దాంట్లో గీత తప్పింది సార్. మిగతా చుక్కల్లా గుండ్రంగా కూడా లేదు’ అంది. ఆ చుక్కను లెక్కలోంచి కొట్టేశాం. నా సర్వీసులో అంత మంచి ప్రాక్టికల్ క్లాసు ఇంకోటి జరగలేదు. దానికెవరూ ఫ్లెక్సీ కట్టరు. ‘ఏమీ దొరకలేదు’ అని రిపోర్టు పంపడానికి మొదట్లో పిల్లలు నామోషీ పడేవారు. ఇప్పుడు పడటం లేదు.

పోనీ, దొరికిందే అనుకుందాం. మొదట దక్కేది ప్రాథమిక గుర్తింపు మాత్రమే. వివరాలు గ్రహశకలాల లెక్క చూసే అంతర్జాతీయ కేంద్రం మైనర్ ప్లానెట్ సెంటర్‌కు వెళ్తాయి. ఆ శకలం మళ్లీ మళ్లీ కనపడి, కక్ష్య ఖాయమై, శాశ్వత నంబరు రావడానికి సాధారణంగా 6 నుంచి 10 ఏళ్లు పడుతుంది. పేరు సూచించడం ఆ తర్వాతి సంగతి. ఎనిమిదో తరగతిలో చూసిన పిల్ల అప్పటికి డిగ్రీ చదువుతూనో, ఉద్యోగం చేస్తూనో ఉంటుంది. చిలీలోని వేరా రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసినప్పుడు, పది గంటల పరిశీలనలోనే 2,104 కొత్త గ్రహశకలాలు పట్టింది. లెక్కలో దానితో మన పిల్లలు పోటీ పడలేరు, పడక్కర్లేదు.

అలాంటప్పుడు మనిషి కళ్లతో పనేమిటని అడగొచ్చు. 2007లో నెదర్లాండ్స్‌కు చెందిన స్కూలు టీచర్ హానీ వాన్ ఆర్కెల్ మామూలు జనం ఇంటర్నెట్‌లో గెలాక్సీలను చూసి వర్గీకరించే గెలాక్సీ జూ ప్రాజెక్టులో చిత్రాలు చూస్తూ, ఒక గెలాక్సీ పక్కన నీలి మచ్చ చూసి ఇదేమిటని అడిగింది. తేలిందేమంటే, ఆ గెలాక్సీ నడిబొడ్డు నుంచి ఒకప్పుడు వెలువడిన తీవ్రమైన కాంతికి వెలుగుతున్న పెద్ద వాయుమేఘం అది. హబుల్ టెలిస్కోపు కూడా దాన్ని ఫొటో తీసింది. పరిశోధన పత్రంలో శాస్త్రవేత్తల సరసన ఆ టీచరమ్మ పేరూ ఉంది. అమెరికాలో నిటార్ప్ అనే నాసా కార్యక్రమం హైస్కూలు టీచర్లను ఖగోళ శాస్త్రవేత్తతో కలిపి ఏడాది పాటు పరిశోధన చేయించింది. తర్వాత పిల్లలతో సహా ఖగోళ శాస్త్రవేత్తల మహాసభకు తీసుకెళ్లి పోస్టరు పెట్టించింది. మన దేశంలోనూ పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు సమాచారంతో 2013 నుంచి మామూలు జనంతో పరిశోధన చేయించే రాడ్ ఎట్ హోమ్ నడుస్తోంది.

మా దగ్గర మాత్రం చిత్రాలు వచ్చిన వారమే విద్యాశాఖ వాళ్ల ఏదో ఒక యాప్‌లో బడి ఫొటోలు ఎక్కించాలి. పదో తరగతి వాళ్లకు వంద రోజుల ప్రణాళిక. నెట్ ఉంటే కరెంటు ఉండదు. రిపోర్టు గడువు దగ్గరపడేకొద్దీ పిల్లలకంటే నాకే టెన్షన్. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ‘ఇది సిలబస్‌లో ఎక్కడుంది మాస్టారూ?’ అన్నారు. తొమ్మిదో తరగతి చలనం పాఠంలో ఉందండీ, సమచలనం అంటే ఈ చుక్కే అన్నాను. నవ్వి ఊరుకున్నారు గానీ రిజిస్టర్‌లో ఏమీ రాయలేదు.

అడుగుతున్నది డబ్బు కాదు. నో బ్యాగ్ డే శనివారాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి చిత్రాలు వచ్చే నెలలో ఆ పూట ఈ పనికి వదలండి. పరిశోధన శిక్షణకు వెళ్లే టీచరుకు ఓడీ (డ్యూటీలో ఉన్నట్టే లెక్క) ఇవ్వండి, సొంత సెలవు పెట్టించకండి. సైన్స్ ఫెయిర్‌లో థర్మోకోల్ అగ్నిపర్వతాలకు ఇచ్చే టేబుళ్లలో ఒకటి, ఏమీ దొరకని రిపోర్టుకు కూడా ఇవ్వండి.

మీకూ ఓ విన్నపం. ఈసారి ఇలాంటి వార్త వస్తే, అది ప్రాథమిక గుర్తింపా, నంబరు వచ్చిందా అని విలేకరి చేత ఒక్కసారి అడిగించి వేయండి.

ఇట్లు
ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్,
అమలాపురం పరిసరం, కోనసీమ జిల్లా