న్యూరోమాన్సర్ మళ్ళీ ఎత్తుకో

ఒరేయ్ రవీ,

విలియం గిబ్సన్ సైబర్‌పంక్ నవల (కంప్యూటర్లూ, పెద్ద కంపెనీల పెత్తనమూ నిండిన రాబోయే కాలపు కథలకి ఆ పేరు) న్యూరోమాన్సర్ నలభై పేజీలు చదివి పక్కన పడేశానని రాశావు. చాలామంది సరిగ్గా అక్కడే ఆగిపోతారు. గిబ్సన్‌ని ఆ నవలతో మొదలుపెట్టడమే చిక్కు. ముందు ఆయన కథల సంపుటి బర్నింగ్ క్రోమ్ తెచ్చుకో. పది కథల్లో ఇప్పటికి మూడు చాలు: జానీ నెమోనిక్, న్యూ రోజ్ హోటల్, ఆఖర్న సంపుటి పేరుతోనే ఉన్న కథ. సైబర్‌స్పేస్, అంటే కంప్యూటర్ల లోపలి లోకం, అనే మాట 1982లో ఆ కథలోనే పుట్టింది. న్యూరోమాన్సర్‌లో ఉండే మోలీ కూడా జానీ నెమోనిక్‌లోనే మొదట కనిపిస్తుంది, కళ్ళ మీద అతికించుకున్న అద్దాలతో, గోళ్ళ కింద బ్లేడ్లతో. నవలలో మళ్ళీ ఎదురైనప్పుడు తెలిసిన మనిషిలా ఉంటుంది.

ఇక నవల. ఆయన ఏ మాటకీ అర్థం చెప్పడు. మూడు తెలిస్తే బండి నడుస్తుంది. డెక్ అంటే సైబర్‌స్పేస్‌లోకి దూరే యంత్రం. ఐస్ అంటే కంపెనీలు తమ సమాచారం చుట్టూ కట్టుకున్న కోట, దాన్ని ముట్టుకున్న హ్యాకర్ ప్రాణమే పోవచ్చు. సిమ్‌స్టిమ్ అంటే ఇంకొకరి ఒంట్లోంచి చూడటం, వినటం. మిగతా మాటల దగ్గర ఆగకు, సాగిపో. మొత్తం 24 అధ్యాయాలు. అసలు కథ ఒక పెద్ద దొంగతనం. ఏడో అధ్యాయానికి ముఠా కుదురుతుంది. అంతవరకూ ఒక్క ప్రశ్న పట్టుకుని చదువు: ముఠాని కూర్చే ఆర్మిటేజ్ వెనక డబ్బు ఎవరిది?

నవలలో హ్యాకర్ కేస్ అమ్మాలని చూసే దొంగ సరుకు మూడు మెగాబైట్ల ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) అని చదివి, ఇంత కొంచెమా అని ఇప్పటివాళ్ళు నవ్వుతారు. 1984 నాటి పుస్తకం, పైగా మామూలు టైప్‌రైటర్ మీద కొట్టింది. లెక్కలు పాతబడక ఏమవుతాయి? కానీ కేస్ నరాలు బాగుచేయించినవాళ్ళే అతని రక్తనాళాల్లో విషపు సంచులు పెట్టిస్తారు చూడు, పని పూర్తి చేయకపోతే కరిగిపోయేలా. మనిషి ఒంటిమీద యజమాని పెత్తనం! సైబర్‌పంక్ రచయితలందరినీ కలిపేది అదేనని నా నమ్మకం.

రిచర్డ్ మోర్గన్ 2002లో రాసిన ఆల్టర్డ్ కార్బన్ దాన్నే చివరిదాకా లాగింది. మనసంతా మెడ వెనక చిన్న పరికరంలో ఉంటుంది, ఒళ్ళు తొడుక్కుని విప్పేసే చొక్కా. డబ్బున్నవాడికి చావు లేదు. హింస మాత్రం మోతాదు మించింది, ముందే చెబుతున్నా.

నీల్ స్టీఫెన్‌సన్ నవల స్నో క్రాష్ (1992) గురించి అభిమానులు ఎప్పుడూ రెండు జట్లే. పిజ్జా డెలివరీతో మొదలయ్యే ఆ ఆరంభానికి సాటి లేదు. మెటావర్స్, అంటే మనుషులు బొమ్మ రూపాల్లో తిరిగే కంప్యూటర్ లోకం, అనే మాట కూడా స్టీఫెన్‌సన్ అక్కడే పుట్టించాడు. మధ్యలో సుమేరియన్ పురాణాల మీద లైబ్రేరియన్ చెప్పే పాఠం మాత్రం కథని నిలబెట్టేస్తుంది. అక్కడ వేగంగా చదువు, దాటెయ్యకు. కథని నడిపే వైరస్ ముడి అక్కడే ఉంది.

నా బాధంతా రచయిత్రి పాట్ కాడిగన్ గురించి. బ్రూస్ స్టెర్లింగ్ 1986లో కూర్చిన మిర్రర్‌షేడ్స్ అనే సైబర్‌పంక్ కథల సంకలనంలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆవిడ. సైన్స్ ఫిక్షన్ నవలలకిచ్చే ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు రెండుసార్లు గెలిచింది. అయినా సైబర్‌పంక్ అనగానే ఎవరి నోటా ముందు ఆవిడ పేరు రాదు. ఆవిడ నవల సినర్స్ (1991) చదువు. తలలో సాకెట్లు పెట్టించుకున్న మనిషికి మెదడులో స్ట్రోక్ వస్తే, అది నెట్‌వర్క్‌లోకి పాకి లోకాన్నే కుదిపేస్తుంది. గిబ్సన్ మనుషులు కొంచెం చల్లగా, దూరంగా ఉంటారన్నది నిజమే. కాడిగన్ మనుషులకి అలసట ఉంది, కోపం ఉంది, ఒకరంటే ఒకరికి పట్టింపు ఉంది. మొదట్లో చాలామంది వంతులవారీగా కథ చెబుతారు కాబట్టి తికమక పడతావు. గినా, మార్క్, గేబ్, సామ్ అని ఓ చీటీ మీద రాసి పేజీల మధ్య పెట్టుకో. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిన కొద్దీ పక్కన చేర్చు.

న్యూరోమాన్సర్ ఏడో అధ్యాయం దాటగానే ఉత్తరం రాయి. అందులో ఎదురయ్యే వింటర్‌మ్యూట్ మీద నీ అనుమానాలన్నీ కావాలి నాకు.

నీ
శీను