పాత రేడియో దొరికిందా, ముందు ప్లగ్గు పెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీరు పాత రేడియోలు సేకరించేవాళ్ల మీద వేసిన వ్యాసం చదివానండి. ఫోటోలు భలే ఉన్నాయి, కానీ మధ్యలో ఒకచోట "తడిగుడ్డతో తుడిచి, కరెంటు ఇచ్చి పాడుతుందో లేదో చూసుకోవాలి" అని ఒక్క లైన్లో తేల్చేశారు చూశారా, అక్కడ నా గుండె గుభేలుమంది. నా మొదటి రేడియోని నేను చంపుకున్నది సరిగ్గా ఆ రెండు పనులతోనే.

ముందు తుడవడం సంగతి. డయల్ అద్దం మురికిగా ఉందని ఊడదీసి రెండువైపులా స్పిరిట్‌తో రుద్దేశా, మురికితో పాటు సగం స్టేషన్ల పేర్లు కూడా గుడ్డకి వచ్చేశాయి. ఆ అక్షరాలు అద్దం వెనకవైపు ప్రింట్ చేసి ఉంటాయండీ, చాలావాటికి మామూలు తడి తగిలినా లేచిపోతాయి. ముందువైపు తుడుచుకోవచ్చు, వెనకవైపు మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి ఊరుకోవాలి, అంతే. బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) డబ్బాని కూడా నీళ్లలో నానబెట్టకూడదు, దాంట్లో చెక్కపొడి కలుపుతారు కాబట్టి పైన మెరుపు పొర అరిగిన చోట నీళ్లు పీల్చుకుని వెలిసిపోతుంది. కొంచెం సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ చాలు, వెంటనే పొడిగుడ్డతో తుడిచెయ్యాలి.

ఇక కరెంటు. నేను ప్లగ్గు పెట్టగానే వాల్వులు, అదే ట్రాన్సిస్టర్లకి ముందు రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు, వెలిగాయి, కాసేపటికి ఏదో గొణిగింది కూడా, ఎగిరి గంతేశా. పది నిమిషాల్లో లోపల్నుంచి కాలిన తారు వాసన, స్పీకర్‌కి శబ్దం అందించే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. కారణం వేలెడంత కాగితం కండెన్సర్. మైనం పూసిన ఆ పాత కండెన్సర్లు ఏళ్లు గడిచేకొద్దీ తేమ పీల్చి కరెంటు లీక్ చేస్తాయి. స్పీకర్‌ని నడిపే ఔట్‌పుట్ వాల్వులో కరెంటుని అదుపు చేసే భాగం గ్రిడ్, దానికి ముందుండే కండెన్సర్ లీకైతే గ్రిడ్ మీదకి పాజిటివ్ వోల్టేజీ వచ్చిపడుతుంది, వాల్వు మోయాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు లాగుతుంది, చివరికి వాల్వో ట్రాన్స్‌ఫార్మరో బలైపోతుంది. కండెన్సర్ మార్చడం చిన్న పని, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి జోడీ వెతకడం మాత్రం ఏళ్ల పని, నన్నడగండి చెప్తా.

అందుకే తెలిసినవాళ్లు ముందు కాగితం కండెన్సర్లు, పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు మార్చాకే, అది కూడా సీరీస్ బల్బు, అంటే రేడియోకి వెళ్లే కరెంటు దారిలో ఒక బల్బు, పెట్టి కరెంటు ఇస్తారు, 60 వాట్లదో 100 వాట్లదో పాత ఫిలమెంట్ బల్బు, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపెయ్యాలి.

ఇంకో మాట మీ వ్యాసంలో అసలు లేదు, ప్రాణాలకి సంబంధించింది. కొన్ని వాల్వు సెట్లలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, చాసిస్‌కి, అంటే లోపలి ఇనప చట్రానికి, నేరుగా కరెంటు వచ్చేయొచ్చు, అప్పుడు నాబ్ ఊడిపోతే దాని లోపలి ఇనప కడ్డీ ముట్టుకున్నా షాకే. వాల్వుల పేర్లు చూస్తే కొంత పట్టుకోవచ్చు. యూరప్ వాల్వుల్లో మొదటి అక్షరం 'ఈ' అయితే, ఈసీహెచ్81, ఈఎల్84 లాగా, 6.3 వోల్టుల ఫిలమెంటు, ఎక్కువగా ట్రాన్స్‌ఫార్మర్ సెట్. 'యూ' అయితే, యూసీఎల్82 లాగా, ఫిలమెంట్లన్నీ ఒకదాని వెనక ఒకటి సీరీస్‌లో ఉండే రకం, ఎక్కువగా ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్, జాగ్రత్త. 'డీ' అయితే ఎక్కువగా బ్యాటరీ సెట్. ప్లగ్గు తీసేశాక కూడా పెద్ద కండెన్సర్లలో వందల వోల్టులు నిలవ ఉండొచ్చు, అది దింపకుండా కొత్తవాళ్లు చెయ్యి పెట్టకూడదు, తెలిసిన మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకోవాల్సిందే.

వయసు కనిపెట్టడం గురించి మీ రచయిత రాసింది బాగుంది గానీ, డబ్బా చెక్కదైతే చాలు 1930ల నాటిదని అనడం తప్పు, చెక్క డబ్బాలు తర్వాత కూడా బోలెడొచ్చాయి. డయల్ మీద కిలోహెర్ట్జ్ బదులు కిలోసైకిల్స్ అనే పాత గుర్తు 'కేసీ' ఉందా, లోపల వాల్వులా ట్రాన్సిస్టర్లా అనేది చూడాలి, మార్కెట్లోకి మొదటి ట్రాన్సిస్టర్ రేడియో వచ్చిందే 1954లో. వాల్వు నెత్తిన వెండిరంగు పూత తెల్లబడితే గాలి చొరబడినట్టే, అది ఇక పనికిరాదు. ఈ సంగతి కొనేముందే వెనక అట్ట తీసి టార్చ్ వేస్తే తెలిసిపోతుంది.

నాకు పెద్ద డిమాండ్లేం లేవండి. వచ్చే ఆదివారం అదే పేజీలో, ప్లగ్గు గురించీ డయల్ అద్దం గురించీ రెండు లైన్లు సవరణ వేస్తే చాలు, ఈపాటికే ఎవరో ఒకరు అటక మీంచి రేడియో దింపి తడిగుడ్డ వెతుక్కుంటూ ఉంటారు.

ఇట్లు,
సగం పేర్లు చెరిగిన డయల్ మీద స్టేషన్లు అందాజుగా తిప్పుకునే ఒక పాఠకుడు