ఖాళీలున్న డేటాతో మొదలుపెట్టాను

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ వచ్చి వారమైంది, తీరిగ్గా రాద్దామని ఆగాను. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ వాళ్లకు డేటా సైన్స్ పేపర్ ఈసారి నాకిచ్చారు. సిలబస్‌లో సగం ఆల్గారిథమ్‌ల పేర్లే. ప్రాక్టికల్ అంటే ఎవరో శుభ్రం చేసి పెట్టిన ఫైలు తెరిచి, నాలుగు లైన్ల కోడ్ కొట్టి, వచ్చిన అక్యురసీ రికార్డులో రాసుకోవడం. నాకు మనసొప్పలేదు.

అందుకని మొదటి ల్యాబ్‌లో, ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ఎయిర్‌క్వాలిటీ డేటా ఇచ్చాను. 1973 మే నుంచి సెప్టెంబర్ దాకా న్యూయార్క్ గాలి కొలతలు, మొత్తం 153 రోజులు. ఓజోన్ సగటు తియ్యమంటే అందరికీ ఎన్‌ఏ (NA), అంటే ‘విలువ లేదు’ అని వచ్చింది, ఎందుకంటే 37 రోజులకు ఓజోన్ విలువే లేదు. వెంటనే, ఓజోనే కాదు, ఏ కొలత ఖాళీగా ఉన్నా ఆ వరుసలన్నీ తీసేశారు, 111 మిగిలాయి, సగటు వచ్చేసింది, పని అయిపోయిందనుకున్నారు. ఒకమ్మాయి మాత్రం "సార్, ఆ ఖాళీలు ఏ నెలవి?" అంది. ఎంత సంతోషమేసిందో! లెక్కపెట్టిస్తే 37లో 21 జూన్‌వే. అంటే జూన్ నెలంతటికీ 9 రోజులే మిగిలాయి. ఆ రోజుల సగటేమో 29, జూలై, ఆగస్టుల్లో 60 దగ్గర. జూన్ తగ్గిపోతే మొత్తం సగటు పైకి జరుగుతుంది కదా. ఆ రోజు క్లాసు గంట దాటినా ఎవరూ లేవలేదు.

ఈ ప్రశ్న అడగడం నేర్పాల్సింది మనమేరా. మా సీనియర్ ఒకాయన "ఇదంతా కంప్యూటర్ వాళ్ల పని, మన థియరీ పోతుంది" అంటారు. థియరీ ఎక్కడికీ పోదు. 2001లో అమెరికన్ స్టాటిస్టీషియన్ విలియం క్లీవ్‌లండ్ స్టాటిస్టిక్స్‌ని విస్తరించి డేటా సైన్స్ అని పిలుద్దామన్నప్పుడు యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ వనరుల్లో థియరీకి 20 శాతం, డేటాతో కంప్యూటింగ్‌కి 15 శాతం ఇచ్చాడు, అన్నిటికన్నా ఎక్కువగా 25 శాతం వేరే రంగాల వాళ్లతో కలిసి చేసే పనికిచ్చాడు. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్.రావు గారు కూడా కేంబ్రిడ్జ్ వెళ్లి సూడాన్‌లో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలతోనే కుస్తీ పట్టారు.

నీతో ఒక పనుంది. మీ ఆఫీసు వాళ్లు ఒప్పుకుంటే, పేర్లూ నంబర్లూ తీసేసిన డేటా ఏదైనా ఒకటి పంపు. శుభ్రం మాత్రం చెయ్యకు, ఖాళీలూ తప్పులూ ఎలా ఉన్నాయో అలాగే ఉండనీ. ఒక శనివారం ఆన్‌లైన్‌లోకి వచ్చి, అవి ఎందుకు వచ్చాయో పిల్లలకు నువ్వే చెప్పు. ఏ శనివారమో రాయి.