నీలం రేకు ర్యామ్ తీసుకున్నవాళ్ళకి: తప్పు మీది కాదు, మీ బోర్డుదీ కాదు

నమస్తే అండీ. మా దగ్గర పాత కంప్యూటర్‌కి అప్‌గ్రేడ్ కిట్ (ర్యామ్, ఎస్ఎస్‌డీ లాంటివి) తీసుకున్నవాళ్ళందరికీ ఈ కబురు, ముఖ్యంగా ఈ మధ్య చిప్‌ల పైన నీలం రేకు ఉన్న 8 జీబీ డీడీఆర్3 (పాత తరం) ర్యామ్ తీసుకున్నవాళ్ళకి. మీ కంప్యూటర్ ఇంటెల్ ప్రాసెసర్‌ది అయితే ఆ ర్యామ్ పనిచేయదు. ఎంత సర్ది పెట్టినా, ఎన్నిసార్లు తీసి పెట్టినా పనిచేయదు. పాత ర్యామ్ మళ్ళీ పెట్టేసి నాకు ఒక్క మెసేజ్ పెట్టండి, కొరియర్ ఖర్చు నాదే, వేరే ర్యామ్ కావాలంటే ర్యామ్, డబ్బులు కావాలంటే డబ్బులు. అసలు విషయం ముందే చెప్పేశా, ఎందుకంటే ఇక్కణ్ణుంచి కాసేపు నా ఏడుపు నేను ఏడుస్తా, అది వినే ఓపిక అందరికీ ఉండక్కర్లేదు.

మా పద్ధతి మీకు తెలిసిందే. క్యాబినెట్ మూత తీసి బోర్డు ఫోటో పంపిస్తారు, దానికి ఏది సరిపోతుందో చూసి, టెస్ట్ చేసి, పంపిస్తాను, ఫోన్లో ఉండి పెట్టిస్తాను. డబ్బులు ఒక్కదానికే ఉంటే ముందు ఎస్ఎస్‌డీ వేయించుకోండి, ర్యామ్ తర్వాత చూద్దాం అని చెప్పేది కూడా నేనే. ఆ మాట ఇప్పటికీ మార్చను. పాత హెచ్61 రకం ఇంటెల్ బోర్డులో సాటా (డిస్క్ తగిలించే దారి) స్పీడ్ సెకనుకి 3 గిగాబిట్లే అయినా సరే, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడితే ఆ సిస్టమ్‌కి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. కానీ 4 జీబీ ర్యామ్ మీద బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆ ఎస్ఎస్‌డీ కూడా ఏం చేస్తుంది చెప్పండి, ఎప్పుడో ఒకప్పుడు ర్యామ్ దగ్గరికి రావాల్సిందే.

ఆ ర్యామ్ దగ్గరే మునిగాం. డీడీఆర్3 బోర్డులో దాని తర్వాతి తరం డీడీఆర్4 పట్టదు, పిన్నులు 240కి 288, గాడి కూడా వేరే చోట ఉంటుంది. అంటే పాత బోర్డు ఉన్నవాళ్ళు పాత రకం ర్యామ్‌కే కట్టుబడి ఉండాలి. ఇదివరకు అది పెద్ద కష్టం కాదు. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ ఊడ్చేస్తుంటే కొత్త ర్యామ్ రేట్లు ఎక్కడికో పోయాయి, కొత్త సిస్టమ్ కొందాం అనుకున్నవాళ్ళు సరే పాతదాన్నే ఇంకో రెండేళ్ళు నెట్టుకొద్దాం అని వెనక్కి తిరిగారు, దాంతో డీడీఆర్3కీ కరువొచ్చింది. నేను ఎప్పుడూ తెచ్చుకునే ఆయన నిజాయితీగా చెప్పేశాడు, నా దగ్గర మంచి సరుకు లేదు, రెండు నెలలు ఆగు అని. ఆగాల్సింది. ఆగలేదు. అప్పటికే పద్నాలుగు ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, లేదు అని చెప్పడం నాకు చేతకాదు, అదొక జబ్బు. కొత్త సప్లయర్ దగ్గర 40 స్టిక్కులు తెప్పించా. సీల్ ప్యాక్, నీలం రేకు, లిస్టులో "కొత్తవి, డెస్క్‌టాప్, 1600" అని రాసుంది. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

టెస్ట్ చేయలేదా అంటారేమో. చేశానండీ. ఒక్కో స్టిక్కూ మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్‌లో పెట్టి నాలుగు రౌండ్లు తిప్పా, ఒక్క ఎర్రర్ లేదు. కానీ నా టెస్ట్ బోర్డు ఇంటెల్‌ది కాదు, దాని పోటీ కంపెనీ ఏఎండీ ప్రాసెసర్‌ది. ఏళ్ళ తరబడి అదే వాడుతున్నా, ఎప్పుడూ మోసం చేయలేదు, ఇందులో పాసైతే ఎక్కడైనా పనిచేస్తుంది అని మీలో చాలామందికి గొప్పగా చెప్పింది కూడా దాని గురించే. ఇప్పుడు ఆ బోర్డుని చూస్తే కోపం రావట్లేదు, సిగ్గేస్తోంది.

మొదటి ఫోన్ ఒక మాస్టారి దగ్గర్నుంచి. రిటైరయ్యారు, మనవరాలి చదువు కోసం 2013 నాటి కోర్ ఐ5 సిస్టమ్‌ని నిలబెట్టాలని ఆయన తాపత్రయం. ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావట్లేదు బాబూ అన్నారు. ర్యామ్ సరిగ్గా కూర్చోలేదు సార్, రెండు వైపులా క్లిక్ మనేదాకా నొక్కండి అన్నా. నొక్కారు. రాలేదు. పిన్నులు రబ్బరుతో రుద్దండి సార్ అన్నా. రుద్దారు, మూడు రోజులు సాయంత్రంపూట కూర్చుని రుద్దారు పాపం. స్లాట్ మార్చమన్నా, బోర్డు మీద సెల్ తీసి పెట్టమన్నా, అన్నీ చేశారు. చివరికి నేను ఏమన్నానంటే, మీ ఎస్ఎంపీఎస్, అదే కరెంట్ సప్లయ్ డబ్బా, పాతదైపోయింది సార్, కొత్త ర్యామ్‌కి కరెంట్ సరిపోవట్లేదేమో, మార్చి చూడండి అన్నా. ఆయన వెళ్ళి ఎస్ఎంపీఎస్ కొనుక్కొచ్చారు. అదీ అక్కర్లేని ఖర్చు. పాత ర్యామ్ పెడితే సిస్టమ్ హాయిగా ఆన్ అవుతోంది అని ఆయన మొదటి రోజే చెప్పారు. ఆ ఒక్క మాట చాలు, తప్పు ర్యామ్‌దే అని తెలియడానికి. నా చెవికెక్కలేదు. నేను టెస్ట్ చేసిన ర్యామ్ కదా మరి, దానికెందుకు తప్పుంటుంది.

రెండో ఫోన్, మూడో ఫోన్ కూడా అదే వరస, వాళ్ళ చేత కూడా రబ్బరు పట్టించా. నాలుగో ఆయన మొహమాటం లేని మనిషి. "నలుగురికి ఒకే జబ్బు వస్తే తప్పు రోగులదా, మందుదా" అని అడిగి ఫోన్ పెట్టేశాడు. తల కొట్టేసినట్టైంది. ఆ రాత్రే ఒక స్టిక్ మీద రేకు వేడి చేసి ఊడదీశా, భూతద్దం పెట్టి చిప్ మీద నంబర్ చదివా, 08 ఉండాల్సిన చోట 04 ఉంది.

దాని అర్థం ఏంటంటే, ర్యామ్ చిప్ ఒక్క విడతలో ఎన్ని బిట్లు అందిస్తుంది అన్నదాన్ని బట్టి రకాలుంటాయి. మన ఇళ్ళల్లో డెస్క్‌టాప్ ర్యామ్‌లో మామూలుగా 8 బిట్లవి వాడతారు. ప్రాసెసర్‌కి ఒక విడతకి 64 బిట్లు కావాలి, అంటే ఎనిమిది చిప్‌లు కలిసి పనిచేస్తాయి, 8 జీబీ స్టిక్‌లో అలాంటి జట్లు రెండు, మొత్తం 16 చిప్‌లు. నాకు అంటగట్టినవి 4 బిట్లవి, సర్వర్లలో ఎక్కువగా వాడే రకం. వాటిలో 16 కలిస్తేగానీ 64 అవ్వదు, కాబట్టి మొత్తం ఒకటే జట్టు. బయటికి చూస్తే అక్కడా పదహారే, ఇక్కడా పదహారే, జీబీలు కూడా సమానం. పాత ఏఎండీ బోర్డులు ఈ నాలుగు బిట్ల వాటిని ఒప్పుకుంటాయి, ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డులు అస్సలు ఒప్పుకోవు, నల్ల స్క్రీన్ చూపిస్తాయి. అందుకే వీటిని నిజాయితీగా అమ్మేవాళ్ళు "ఏఎండీకి మాత్రమే" అని పెద్దగా రాసి, తక్కువ రేటుకి అమ్ముతారు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసీ రేకు కింద చూడలేదు, అదీ నా బాధ.

సప్లయర్‌కి ఫోన్ చేశా. "ఏఎండీకి మాత్రమే అని ఎందుకు రాయలేదు" అంటే "మీరు అడగలేదు కదా" అన్నాడు. ఏదో వెళ్ళిపోతున్న మనిషిని గుమ్మంలో ఆపి టైమ్ అడిగినట్టు విసుక్కుంటూ అన్నాడు. ఇంటెల్ బోర్డుకి పనికిరానిది డెస్క్‌టాప్ ర్యామ్ ఎలా అవుతుంది అంటే, ఏఎండీది కూడా డెస్క్‌టాపే కదా సార్ అన్నాడు, అందులో తప్పు పట్టడానికి లేదు చూడండి, అక్కడే ఒళ్ళు మండింది. వెనక్కి తీసుకో అంటే రేకు ఊడదీశారు కాబట్టి తీసుకోను అన్నాడు. నేను ఊడదీసింది ఒక్కదానికి. మిగతా 39కి ఊడదీయలేదు కదా అంటే సీల్ చింపారు కదా అన్నాడు. సీల్ చింపకుండా టెస్ట్ ఎలా చేస్తారు నాయనా. తర్వాత సగం డబ్బుకి క్రెడిట్ ఇస్తా, దాంతో నా దగ్గరే వేరే సరుకు తీసుకోండి అని బేరం పెట్టాడు. నీ దగ్గర ఇంకో స్క్రూ కూడా కొనను అన్నా. మా తమ్ముడు తిట్టాడు, సగమన్నా వచ్చేది కదా అని. నిజమే, వచ్చేది. వద్దనుకున్నా, ఇప్పటికీ వద్దనే అనుకుంటున్నా, నా పొగరు ఖరీదు నేనే కట్టుకుంటా, మీమీద మాత్రం పడనివ్వను.

ఇక ఇప్పుడు ఏం చేయాలి అన్నదానికి నిద్ర లేకుండా ఆలోచించింది ఒక్కటే విషయం. మొదట్నుంచీ నేను కొత్త ర్యామ్ తప్ప వాడింది అమ్మను అని చెప్పుకుంటూ వచ్చా, పక్కవాళ్ళు సెకండ్ హ్యాండ్ అంటగడుతుంటే వేలెత్తి చూపించా, మీలో కొందరు ఆ మాట నమ్మే నా దగ్గరికి వచ్చారు. ఇప్పుడు "కొత్త" అని పేరుండి దొరికే డీడీఆర్3లో ఏది కొత్తదో, ఏది ఎక్కడో పీకిన చిప్‌లకి కొత్త రేకు తొడిగిందో నేను గట్టిగా చెప్పలేని పరిస్థితి. అదే ఆఫీసుల్లో సిస్టమ్స్ మార్చినప్పుడు తీసేసిన అసలు కంపెనీ ర్యామ్ ఉంటుంది చూడండి, రేకు ఉండదు, చిప్ నంబర్ కళ్ళముందు కనిపిస్తుంది, పదేళ్ళు ఇంటెల్ బోర్డులోనే పనిచేసి వచ్చింది. అది మంచిదని చేతికి తెలుసు, నోటికి రావట్లేదు. వారం రోజులు కొట్టుకున్నా. డీడీఆర్3 కిట్లే ఆపేద్దామా అని కూడా అనుకున్నా, ఆపేస్తే మాస్టారి లాంటి వాళ్ళు ఎక్కడికి పోతారు, కొత్త సిస్టమ్ కొనుక్కోండి అని నేను కూడా చెప్పేస్తే ఇక నాకూ షోరూమ్‌కీ తేడా ఏముంది. కాబట్టి ఆపట్లేదు. ఇకనుంచి డీడీఆర్3లో వాడిన ర్యామే ఇస్తా, ప్యాకెట్ మీద "వాడినది" అని పెద్ద అక్షరాలతో రాసి ఇస్తా, ఏడాది వారంటీ నాది. ఇదివరకు నేను వేలెత్తి చూపించినవాళ్ళు ఇది చదివితే నవ్వుకోవచ్చు, నవ్వుకోనివ్వండి.

టెస్టింగ్‌కి హెచ్61 ఒకటి, హెచ్81 ఒకటి, రెండు ఇంటెల్ బోర్డులు పెట్టా, మీ ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేవి అవే కాబట్టి. పాత ఏఎండీ బోర్డు ఏఎండీ వాళ్ళ కోసం మాత్రమే ఉంటుంది. దీనివల్ల కిట్ పంపడానికి ఇదివరకటి కంటే రెండు రోజులు ఎక్కువ పడుతుంది, తొందర చేయకండి.

చాలామంది అడుగుతున్నారు కాబట్టి విండోస్ సంగతి కూడా రెండు ముక్కల్లో: విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్‌కి నమోదు చేసుకున్న ఇళ్ళవాళ్ళకి 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయని ప్రకటించారు. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్‌కి ముందువి విండోస్ 11 లిస్టులో లేవు, అడ్డదారిలో వేయొచ్చు గానీ నేను వేయను, రేపు ఏదైనా అప్‌డేట్ ఆగిపోతే మళ్ళీ రబ్బరు పట్టుకోమని చెప్పే ఓపిక నాకు లేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేయమంటే వేసిస్తా.

మాస్టారికి ఫోన్ చేసి మొత్తం చెప్పా. ఎస్ఎంపీఎస్ డబ్బులు పంపిస్తా సార్ అంటే, వద్దు, పాతది ఎలాగూ శబ్దం చేస్తోంది అన్నారు. శబ్దం సంగతి అన్ని ఫోన్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు ఆయన. డబ్బులు పంపించేశా, తిప్పి పంపకుండా ఉంటే చాలు.

లెక్క చెప్తా. 40లో 27 స్టిక్కులు 22 మందికి వెళ్ళాయి. ఆరుగురివి ఏఎండీ సిస్టమ్స్, వాళ్ళకి బాగానే పనిచేస్తున్నాయి, అయినా మార్చుకుంటాం అంటే మారుస్తా. మిగిలిన 16 మందిలో 11 మంది వాళ్ళే ఫోన్ చేశారు. అయిదుగురు చేయలేదు. నన్ను ఎక్కువ తినేస్తున్నది ఆ అయిదుగురే, ఎందుకంటే ఫోన్ చేసినవాడు తిట్టి ఊరుకుంటాడు, చేయనివాడు తన కంప్యూటరే చచ్చిపోయింది అనుకుంటాడు. ముగ్గుర్ని పట్టుకోగలిగా, అందులో ఒకావిడ నిజంగానే బోర్డు పోయిందనుకుని సిస్టమ్‌ని అటక మీద పెట్టేశారు, పాత ర్యామ్ పెట్టిస్తే వెంటనే ఆన్ అయింది. ఇంకో ఇద్దరు దొరకట్లేదు, ఒకరి నంబర్ మారిపోయింది, ఒకరు ఎత్తట్లేదు. ఇద్దరూ ఒక్కో స్టిక్కే తీసుకున్నారు, ఇద్దరివీ హెచ్81 బోర్డులు.

అది మీరే అయితే, దయచేసి ఆ సిస్టమ్‌ని స్క్రాప్‌కి వేయకండి. కరెంట్ ప్లగ్ తీసేయండి, నీలం రేకు స్టిక్ బయటికి లాగండి, పాత ర్యామ్ అదే స్లాట్‌లో పెట్టి ఆన్ చేయండి. మొదటిసారి కాస్త ఆలస్యంగా రావచ్చు, కంగారుపడకండి. పాత ర్యామ్ పారేసి ఉంటే అదీ చెప్పండి, ఒకటి పంపిస్తా.